కళాశాల మైదానంలో తలకు దెబ్బ: పాఠకుల ప్రశ్నలు, న్యాయవాది సమాధానాలు

అమెరికా కళాశాలల మాజీ క్రీడాకారులకు తలదెబ్బల విషయంలో కుదిరిన కోర్టు ఒప్పందం గురించి రెండు నెలల కిందట ఒక పాఠకుడు అడిగితే, ఈ శీర్షికలో రెండు వాక్యాల్లో జవాబిచ్చాను. ఆ రెండు వాక్యాలు చాలలేదని తర్వాత వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. బెంగళూరు నుంచి వచ్చిన నాలుగు ఉత్తరాలకు ఈసారి స్థలమంతా కేటాయిస్తున్నాను. డాక్టర్లు కంకషన్ అని పిలిచే ఈ గాయంలో పుర్రె పగలదు, రక్తం కారదు. దెబ్బ అదురుకు మెదడు లోపల కదిలి, దాని పని కొంతకాలం తప్పుతుంది. స్పృహ తప్పకపోయినా కంకషన్ కావచ్చు.

ప్రశ్న: నమస్కారమండీ. మాది మదనపల్లె. ఇరవై ఏళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి 2011లో డిగ్రీ చదువుకు అమెరికా వెళ్లి, నాలుగేళ్లూ కళాశాల సాకర్ జట్టులో గోల్‌కీపరుగా ఆడాడు. ఒకసారి గోలుపోస్టుకు, మరోసారి అవతలి ఆటగాడి మోకాలికి తల గట్టిగా తగిలింది. ఇప్పుడు వాడికి 33 ఏళ్లు. ఇక్కడే ఉద్యోగం. తలనొప్పి వదలడం లేదు, వెలుతురు పడదు, పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి మరిచిపోతున్నాడు. ఇలాంటి ఆటగాళ్లకు 50 లక్షల డాలర్ల దాకా ఇస్తున్నారనీ, పేరు నమోదు చేసుకుంటే చాలనీ అమెరికాలో ఉంటున్న మా ఆడపడుచు కొడుకు అంటున్నాడు. ఆ ఆటగాళ్లకు వచ్చే మెదడు జబ్బును ఏదో స్కానులో పట్టుకుంటారట కూడా. నిజమేనా? మేము ఏం చేయాలి?
— ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అమ్మా, ఆ అబ్బాయి చెప్పిన మాటలో రెండు వేర్వేరు కేసులు కలిసిపోయాయి. 50 లక్షల డాలర్ల మాట వృత్తి ఆటగాళ్ల కేసులోది. బంతిని చేత్తో పట్టుకుని ఒకరినొకరు ఢీకొంటూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్‌ను నడిపే ఎన్.ఎఫ్.ఎల్. లీగులో ఆడి విరమించినవారు వేసిన దావాలో ఫిలడెల్ఫియాలోని ఫెడరల్ న్యాయమూర్తి అనీటా బ్రోడీ 2015 ఏప్రిల్‌లో ఒప్పందాన్ని ఆమోదించారు. దాని ప్రకారం ఏ.ఎల్.ఎస్. అనే నరాల జబ్బు వచ్చిన ఆటగాడికి గరిష్ఠంగా 50 లక్షల డాలర్లు, అల్జీమర్స్ లేదా పార్కిన్సన్స్ వచ్చినవారికి గరిష్ఠంగా 35 లక్షల డాలర్లు ఇస్తారు. కళాశాల జట్టులో ఆడి అక్కడితో ఆపేసిన మీ అబ్బాయికి దానితో సంబంధం లేదు.

మీ అబ్బాయికి వర్తించగలిగేది రెండోది. అమెరికాలో కళాశాలల మధ్య పోటీలను నడిపే జాతీయ సంఘం ఎన్.సి.ఎ.ఎ. మీద, ఈస్టర్న్ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన ఏడ్రియన్ ఆరింగ్టన్ 2011 సెప్టెంబరులో షికాగో ఫెడరల్ కోర్టులో దావా వేశాడు. తలకు దెబ్బ తగిలినవారిని మళ్లీ ఆటలోకి దించకుండా చూసే నియమాలను సంఘం సకాలంలో పెట్టలేదన్నది ఆ దావాలోని ముఖ్యమైన ఫిర్యాదు. అలాంటివే మరికొన్ని దావాలు దానితో కలిశాయి. 2014 జూలైలో ఇరుపక్షాలూ ఒక ఒప్పందం తెచ్చి ముందు పెడితే, న్యాయమూర్తి జాన్ లీ ఆ డిసెంబరులో దాన్ని తిప్పి పంపారు. పరీక్షలకు పెట్టిన నిధి చాలుతుందా అన్నది ఆయన సందేహాల్లో ఒకటి. సవరించిన ఒప్పందానికి 2016 జనవరిలో ప్రాథమిక ఆమోదం, 2019 ఆగస్టులో తుది ఆమోదం లభించాయి. 2019 నవంబరు 18 నుంచి అది అమల్లో ఉంది.

ఇక డబ్బు సంగతి. ఈ ఒప్పందంలో 7 కోట్ల డాలర్లు వైద్య పరీక్షల నిధికి, మరో 50 లక్షల డాలర్లు పరిశోధనకు కేటాయించారు. ఆటగాడి చేతికి నష్టపరిహారంగా ఒక్క డాలరు కూడా రాదు. ఈ మాట మీకు కష్టంగా ఉంటుందని తెలుసు, కానీ ఇది ముందే తెలిస్తే తర్వాతి నిర్ణయాలు సరిగ్గా ఉంటాయి. ఒప్పందం పరిధిలోకి వచ్చేవారు 40 లక్షల మందికి పైగా ఉన్నారు. 7 కోట్లను అంతమందికి పంచితే మనిషికి 17 డాలర్ల 50 సెంట్లకు మించదు. అది పంచడానికి పెట్టిన సొమ్ము కాదని, లక్షణాలు కనిపించినవారిని పరీక్ష చేయించడానికి పెట్టిన సొమ్మని ఈ లెక్కే చెబుతుంది.

ఎన్.సి.ఎ.ఎ. సభ్యత్వం ఉన్న కళాశాలలో, 2016 జూలై 15న గానీ అంతకు ముందు గానీ, ఆ సంఘం గుర్తించిన ఏ ఆటనైనా కళాశాల జట్టు తరఫున ఆడినవారందరూ దీని పరిధిలో ఉంటారు. దెబ్బ తగిలినట్టు రుజువు చూపించనక్కరలేదు. దేశం విడిచి వచ్చినంత మాత్రాన హక్కు పోదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది మీ అబ్బాయి చదివిన కళాశాల ఆ సంవత్సరాల్లో ఎన్.సి.ఎ.ఎ. సభ్యురాలా కాదా అన్నది. అమెరికాలో అన్ని కళాశాలలూ ఆ సంఘంలో లేవు. అక్కడి క్రీడా విభాగానికి ఒక ఈమెయిలు పెట్టి, ఏయే సంవత్సరాల్లో జట్టులో ఉన్నాడో రాతపూర్వకంగా తెప్పించుకోండి.

సభ్యత్వం ఉంటే, కార్యక్రమ నిర్వాహకుల దగ్గర నమోదు చేసుకుని ఒక ప్రశ్నావళి నింపాలి. 50 ఏళ్ల వయసు వచ్చేదాకా అయిదేళ్లకు ఒకసారి, ఆ తర్వాత రెండేళ్లకు ఒకసారి దాన్ని నింపవచ్చు. జవాబులను బట్టి అర్హత ఉందనుకుంటే, నిర్ణీత వైద్యకేంద్రంలో నరాల పరీక్ష, జ్ఞాపకశక్తి పరీక్ష, మానసిక స్థితి పరీక్ష చేస్తారు. కార్యక్రమం నడిచే 50 ఏళ్లలో ఒక్కొక్కరికి ఇలాంటి పరీక్షలు రెండు. మూడోది కావాలంటే వైద్యుల కమిటీ ఒప్పుకోవాలి. ఈ కేంద్రాలు అమెరికాలో ఉన్నాయి కనుక, బెంగళూరులో ఉన్నవారికి ఏ వెసులుబాటు ఇస్తారో ప్రయాణం పెట్టుకోకముందే నిర్వాహకులను అడిగి, జవాబు రాతలో తీసుకోండి. ఉన్నవి రెండే అవకాశాలు గనుక, ఒకదాన్ని తొందరపడి ఖర్చు చేయవద్దు.

నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది ఈ ఒప్పందంలో ఆటగాళ్లు ఏం వదులుకున్నారు, ఏం వదులుకోలేదు అన్న భాగం. పరీక్షల నిధికి ఒప్పుకున్నందుకు ప్రతిగా, శరీరానికి జరిగిన నష్టం మీద దేశవ్యాప్తంగా అందరూ కలిసి సామూహిక దావా వేసే హక్కును వారు వదులుకున్నారు. ఎవరి గాయానికి వారు విడిగా దావా వేసే హక్కు మాత్రం నిలిచింది. ఒకే కళాశాలలో ఒకే ఆట ఆడినవారు కలిసి దావా వేసుకునే దారి కూడా మూసుకుపోకూడదని న్యాయమూర్తి లీ 2016లో షరతు పెట్టాకే ఒప్పందం ముందుకు కదిలింది. ఎంత ఇస్తున్నారన్న అంకె పత్రికల్లో పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఏం వదులుకుంటున్నారన్నది ఒప్పందం లోపలి పేజీల్లో ఉంటుంది. ఏ ఒప్పందమైనా నేను ఆ లోపలి పేజీలే ముందు చదువుతాను.

అంటే మీ అబ్బాయి విడిగా దావా వేసుకోవచ్చా? హక్కు ఉంది. దారి మాత్రం కష్టం. మొదటి అడ్డంకి కాలదోషం, అంటే దావా వేయాల్సిన గడువు దాటిపోవడం. అక్కడ ఒక్కో రాష్ట్రంలో ఒక్కో గడువు. చాలాచోట్ల రెండు మూడేళ్లే. అయితే గాయం ఫలితం ఎప్పుడు తెలిసిందన్న దాన్ని బట్టి గడువు మొదలవుతుందనే వాదనకు చోటుంది. 1970లలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడిన ఒకరికి 2012 చివరలో మెదడు జబ్బు బయటపడితే, 2014లో వేసిన దావాకు కాలదోషం పట్టిందని మొదట్లోనే కొట్టివేయడానికి వీల్లేదని ఒహాయో సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో చెప్పింది. రెండో అడ్డంకి రుజువు. ఇలాంటి ఒక కేసు 2018లో డల్లాస్‌లో విచారణ మొదలైన మూడో రోజున రాజీ అయింది, షరతులు బయటపెట్టలేదు. మరో కేసు లాస్ ఏంజెలెస్‌లో జ్యూరీ తీర్పు దాకా వెళ్లింది. చనిపోయిన మాజీ ఆటగాడి భార్య వేసిన దావా అది. 2022 నవంబరులో జ్యూరీ ఎన్.సి.ఎ.ఎ. పక్షానే తీర్పు చెప్పింది. ఈ తీర్పు గురించి చెప్పకుండా ఆశలు పెంచేవారి మాట నమ్మవద్దు. ముఖ్యంగా ముందుగా రుసుము అడిగే మధ్యవర్తులకు దూరంగా ఉండండి.

స్కాను సంగతి. మీరు విన్నది సి.టి.ఇ. అనే జబ్బు గురించి. తలకు పదేపదే దెబ్బలు తగిలినవారి మెదడులో టావ్ అనే ప్రొటీను ఒక ప్రత్యేకమైన పద్ధతిలో పేరుకోవడం దాని గుర్తు. దాన్ని ఇప్పటికీ నిశ్చయంగా చెప్పగలిగేది మరణానంతరం మెదడు కణజాలాన్ని పరీక్షించినప్పుడే. బోస్టన్ విశ్వవిద్యాలయం వారు 2017లో ప్రచురించిన అధ్యయనంలో కళాశాల స్థాయి దాకా ఆడినవారి మెదళ్లు 53 పరీక్షిస్తే 48లో ఈ జబ్బు కనిపించింది. అయితే అవి లక్షణాలు చూసి భయపడిన కుటుంబాలు దానం చేసిన మెదళ్లు, అవీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినవారివి. ఆ అంకెను మీ అబ్బాయికి ఆపాదించుకోవద్దు. 33 ఏళ్ల మనిషికి తలనొప్పీ మతిమరుపూ రావడానికి మైగ్రేన్, నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ వంటి కారణాలు చాలా ఉంటాయి, వాటిలో చాలావాటికి మంచి వైద్యం ఉంది. అమెరికా పరీక్ష కోసం ఎదురు చూడకుండా ముందు ఇక్కడ న్యూరాలజిస్టుకు చూపించండి.

జ్ఞాపకశక్తి పరీక్ష చేయించేటప్పుడు ఒక్కటి గమనించాలి. ఈ పరీక్షలో వచ్చిన మార్కులను ఎవరి సగటుతో పోలుస్తున్నారన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. ఎన్.ఎఫ్.ఎల్. ఒప్పందంలో నల్లజాతి ఆటగాళ్ల మార్కులను వేరే, తక్కువ సగటుతో పోల్చడం వల్ల, జబ్బు ఉన్నా లేనట్టు తేలి పరిహారం అందనివారు ఉన్నారు. 2021లో పెద్ద గొడవ జరిగాకే ఆ పద్ధతి మానడానికి ఒప్పుకున్నారు. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్లవాడికి ఇంగ్లీషు పదాల జాబితా చదివి వినిపించి గుర్తు చెప్పమంటే, ఆ మార్కు దేన్ని కొలిచినట్టు? మన బెంగళూరు నిమ్హాన్స్ 2004లో వెలువరించిన పరీక్షల సంపుటిలో మన దేశపు పెద్దలకు వయసు, చదువును బట్టి వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి. ఇక్కడి నివేదికను చేతిలో పెట్టుకుని, అక్కడి ప్రశ్నావళిలో మీ అబ్బాయి ఏ భాషలో చదువుకున్నాడో స్పష్టంగా రాయించండి.

ప్రశ్న: సార్, నేను 2013-15లో అమెరికాలో ఎం.ఎస్. చేశాను. అప్పుడు విశ్వవిద్యాలయ క్రికెట్ క్లబ్బుకు ఆడాను. హెల్మెట్ మీద బంతి తగిలి రెండు రోజులు తల తిరిగింది. నేనూ ఈ ఒప్పందంలోకి వస్తానా?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: రారు. క్రికెట్ ఎన్.సి.ఎ.ఎ. నడిపే ఆట కాదు, విద్యార్థులు సొంతంగా నడుపుకునే క్లబ్బు జట్లకు ఈ ఒప్పందం వర్తించదు. మన తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది ఎం.ఎస్. కోసం వెళ్లి ఇలాంటి క్లబ్బుల్లోనే ఆడారు కనుక, మీ మిత్రులకు కూడా ఈ మాట చెప్పండి.

ప్రశ్న: అయ్యా, మేము హిందూపురం వాళ్లం, యలహంకలో చిన్న హోటలు నడుపుకుంటున్నాం. మా పాపకు 17 ఏళ్లు, రెండో సంవత్సరం పీయూసీ. కళాశాల కబడ్డీ జట్టులో రైడరు. నెలన్నర కిందట మ్యాచ్‌లో ముగ్గురు పట్టుకుని వెనక్కి పడేస్తే తల వెనకభాగం నేలకు కొట్టుకుంది. కళ్లు బైర్లు కమ్మాయని చెప్పినా ఆటలు నేర్పే పీడీ సారు ముఖం మీద నీళ్లు చల్లి, పది నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ కూతకు పంపారు. రాత్రి రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆస్పత్రిలో సీటీ స్కాను తీసి ఏమీ లేదన్నారు. అప్పటినుంచి పుస్తకం పట్టుకుంటే తలనొప్పి, శబ్దం వింటే చిరాకు. కళాశాలను అడిగితే, ఏ గాయానికీ సంస్థ బాధ్యత లేదని చేరేటప్పుడు నేను సంతకం చేసిన కాగితం చూపిస్తున్నారు. ఇప్పుడు 40,000 రూపాయలు ఇస్తామనీ, ఇకముందు ఏ దావా వేయనని స్టాంపు పేపరు మీద రాసివ్వమనీ అంటున్నారు. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లవచ్చా? అమెరికాలోలా ఇక్కడ ఒప్పందాలు ఉండవా?
— ఒక తండ్రి, యలహంక

జవాబు: అయ్యా, మీ అమ్మాయి ఆరోగ్యం మాట ముందు. సీటీ స్కాను చూసేది ప్రధానంగా ఎముక విరిగిందా, లోపల రక్తం గడ్డకట్టిందా అన్నది. కంకషన్ సాధారణంగా అందులో కనిపించదు. స్కానులో ఏమీ లేదంటే గాయమే లేదని కాదు. నెలన్నర దాటినా లక్షణాలు తగ్గలేదు గనుక న్యూరాలజిస్టుకు చూపించండి. డాక్టరు రాతపూర్వకంగా అనుమతి ఇచ్చేదాకా కబడ్డీ ఆడనివ్వవద్దు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు ఒక్కసారిగా వాచి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం, అరుదుగానే అయినా, ఉంది. పరీక్షలకు అదనపు సమయం కావాలంటే ఆ డాక్టరు దగ్గరే ధ్రువపత్రం తీసుకోండి.

ఆ స్టాంపు పేపరు మీద సంతకం చేయవద్దు. నెలన్నరలో తగ్గని లక్షణాలు ఇంకెన్నాళ్లు ఉంటాయో, ఎంత ఖర్చవుతుందో ఈరోజు ఎవరికీ తెలియదు. తెలియని నష్టాన్ని 40,000కు అమ్మేసినట్టు అవుతుంది. పైన మారతహళ్లి తల్లికి చెప్పినది మీకూ అంతే వర్తిస్తుంది: ఎంత ఇస్తున్నారన్నది కాదు, ఏం వదులుకోమంటున్నారన్నది చూడండి. కళాశాల నిజంగా సాయం చేయాలనుకుంటే, ఇప్పటివరకు అయిన వైద్య ఖర్చుల నిమిత్తం మాత్రమే అని రాసిన రసీదు మీద డబ్బు ఇవ్వవచ్చు. అలాంటి రసీదు ఇచ్చి తీసుకోవడంలో మీకు ఇబ్బంది లేదు. ఆ మాట వారికి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. రేపు దావా వేశాక రాజీకి వస్తే, మైనరు తరఫున చేసుకునే రాజీకి కోర్టు అనుమతి తప్పనిసరి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 32లో ఆ రక్షణ ఉంది. బయట స్టాంపు పేపరు మీద చేసుకునే రాజీని అలా పరిశీలించే న్యాయమూర్తి ఎవరూ ఉండరు. వారు తొందరపెట్టడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

చేరేటప్పుడు మీరు పెట్టిన సంతకంతో అంతా అయిపోలేదు. కబడ్డీలో పట్టు పడుతుంది, కింద పడతారు, మోకాలు దోక్కుపోతుంది; ఆటలో సహజంగా ఉండే ఆ ప్రమాదానికి ఆడేవారు ఒప్పుకున్నట్టే. తలకు దెబ్బ తగిలి కళ్లు బైర్లు కమ్మాయని చెప్పిన పిల్లను మళ్లీ బరిలోకి దించడానికి మీరు గానీ ఆమె గానీ ఒప్పుకోలేదు. అది ఆట వల్ల వచ్చిన ప్రమాదం కాదు, పెద్దవారి నిర్ణయం వల్ల వచ్చినది. పిల్లలను అప్పగించుకున్న సంస్థకు ఉండే బాధ్యత ఎంత పెద్దదో మన సుప్రీంకోర్టు ఇదివరకే చెప్పింది. 1995లో విహారయాత్రకు తీసుకువెళ్లిన 14 మంది విద్యార్థులు బియాస్ నదిలో మునిగి చనిపోతే, వెంట వెళ్లిన ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి పాఠశాల యాజమాన్యమే బాధ్యత వహించాలని 2001లో తేల్చి, ఒక్కో కుటుంబానికి అయిదేసి లక్షల పరిహారాన్ని ఖాయం చేసింది.

కన్స్యూమర్ కోర్టు దారి ప్రస్తుతం మీకు అనుకూలంగా లేదు. విద్యాసంస్థల్లో చదువే కాదు, ఈత, ఆటలు వంటి అనుబంధ కార్యక్రమాలు కూడా ఆ చట్టం చెప్పే సేవ కిందికి రావని జాతీయ వినియోగదారుల కమిషన్ విస్తృత ధర్మాసనం 2020 జనవరిలో తీర్పు చెప్పింది. ఆ తీర్పు నాకు సరైనదిగా తోచదు, అయినా అది ఉన్నంతవరకు అక్కడికి వెళ్లి సమయం పోగొట్టుకోమని చెప్పలేను. మీరు వెళ్లాల్సింది సివిల్ కోర్టుకు. గడువు సాధారణంగా మూడేళ్లు. మీ అమ్మాయి మైనరు కనుక, ఆమెకు 18 నిండిన రోజు నుంచి మూడేళ్లు లెక్క వస్తుంది. అంతదాకా ఆగమని కాదు, భయపడి ఈరోజే రాజీ పడనక్కరలేదని చెప్పడానికి. దావా ఖర్చు గురించి కూడా బెంగపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరుకుతుంది. హెచ్. సిద్ధయ్య రోడ్డులోని న్యాయదేగులలో కర్ణాటక రాష్ట్ర న్యాయసేవల ప్రాధికార కార్యాలయం ఉంది; 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు.

అమెరికాలోలా ఒప్పందాలు ఇక్కడ ఎందుకు లేవని అడిగారు. ఒకే ప్రయోజనం ఉన్న చాలామంది తరఫున ఒకరు దావా వేసే వీలు మన ఆర్డర్ 1 రూల్ 8లో ఉంది. కానీ ఎవరికెంత దెబ్బ తగిలిందన్నది మనిషి మనిషికీ మారుతుంది కనుక, గాయాల పరిహారానికి ఆ దారి సరిగా పనిచేయదు. అందుకని మన దగ్గర ప్రతి కేసూ ఒంటరిగా నిలబడాలి, నిలబడేది కాగితాల మీద.

ఈ కాగితాల మాట అనుభవంతో చెబుతున్నాను. కొన్నేళ్ల కిందట సిటీ సివిల్ కోర్టు దగ్గరున్న నా ఆఫీసుకు ఒక ఫుట్‌బాల్ ఆటగాడు, చిత్తూరు జిల్లా కుర్రవాడు, ప్లాస్టిక్ కవరులో తన కాగితాలు తెచ్చాడు. దెబ్బ తగిలిన రాత్రి ఆస్పత్రిలో ఇచ్చిన బిల్లు తెల్లగా ఉంది. వేడితో అచ్చుపడే ఆ కాగితం మీది అక్షరాలు ఏడాదికే మాసిపోయాయి. ఓపీ చీటీలో కన్నడంలో ఉన్నది ఒక్కటే మాట, జారిపడ్డాడు అని. మ్యాచ్ ప్రస్తావన లేదు, తల మాట లేదు. కుర్రవాడిని తీసుకువెళ్లిన కళాశాల మనిషి అలా రాయించాడు. చివరికి కేసును నిలబెట్టింది వాడి పాత ఫోనులో ఉన్న ఒక వాట్సాప్ సందేశం. తల తిరుగుతోంది సార్ అని వాడు రాత్రి పెట్టిన మాటకు, రేపు పొద్దున ఏడింటికి గ్రౌండులో ఉండు అని వచ్చిన జవాబు. ఆ ఫోను తెర పగిలిందని అమ్మేయబోతే వాళ్ల అమ్మ ఆపిందట.

అందువల్ల మీరు ఈ వారంలోనే చేయాల్సినవి ఉన్నాయి. బిల్లులన్నీ జిరాక్సు తీయించండి. ఆస్పత్రి నుంచి పూర్తి రికార్డు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. గాయం ఎలా తగిలిందన్న చోట కబడ్డీ మ్యాచ్ అని లేకపోతే, ఇప్పుడు చూపించబోయే డాక్టరుకు జరిగింది జరిగినట్టు చెప్పి రాయించండి. ఆ రోజు మ్యాచ్‌ను ఎవరైనా ఫోనులో తీసి ఉంటే ఆ వీడియోను, తీసిన ఫోనుతో సహా, భద్రంగా ఉంచమనండి. కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 ప్రకారం, అలాంటి రికార్డును కోర్టులో ఇచ్చేటప్పుడు దానితో పాటు ధ్రువపత్రం కావాలి. పాప స్నేహితురాళ్లు ఇద్దరి చేత, చూసింది చూసినట్టు, తేదీతో ఇప్పుడే రాయించుకోండి. పీయూసీ అయ్యాక ఎవరు ఏ ఊళ్లో ఉంటారో చెప్పలేం.

ప్రశ్న: గౌరవనీయులైన న్యాయవాది గారికి, నేను బాణసవాడి ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టరుగా పనిచేస్తున్నాను. 22 ఏళ్లుగా కబడ్డీ, వాలీబాల్, ఫుట్‌బాల్ ఆడిస్తున్నాను. కంకషన్ పేరిట దావాలు మొదలైతే మాలాంటివాళ్లం ఆటలే మానుకోవాలి. మా దగ్గర డాక్టరు ఉండడు, అంబులెన్సు ఉండదు. మా బాధ్యత ఎంతవరకు? మేము వాడే గాయాల పత్రం నమూనా జత చేస్తున్నాను.
— ఒక పీడీ, బాణసవాడి

జవాబు: అయ్యా, మీ ఆందోళనను తేలిగ్గా తీసుకోను. 22 ఏళ్లు ఎండలో నిలబడి పిల్లలకు ఆట నేర్పినవారు కోర్టు మెట్లెక్కాలని ఎవరూ కోరుకోరు. అయితే కోర్టు మిమ్మల్ని అడిగేది గాయం ఎందుకు తగిలిందని కాదు. తగిలిందని తెలిశాక మీరేం చేశారని.

ఆ ప్రశ్నకు జవాబు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. నేను పైన చెప్పిన అమెరికా ఒప్పందంలో డబ్బు కంటే విలువైన భాగం ఒకటుంది: ఆ సంఘం, సభ్య కళాశాలలు పాటించాల్సిన నియమాలు. ప్రతి సీజను ముందూ ఆటగాడి జ్ఞాపకం, చురుకుదనం, నిలకడ ఎలా ఉన్నాయో ఒక పరీక్ష చేసి పెట్టుకోవాలి. కంకషన్ అని తేలినవారిని ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. డాక్టరు అనుమతి లేకుండా తిరిగి జట్టులోకి తీసుకోకూడదు. ఒళ్లు ఒళ్లు తగిలే ఆటల మ్యాచ్‌ల దగ్గర ఈ విషయంలో శిక్షణ పొందిన వైద్య సిబ్బంది ఉండాలి. వీటిలో చివరిది మీ కళాశాల శక్తికి మించినది కావచ్చు. ఆ రోజు మళ్లీ ఆడించకపోవడానికి మాత్రం రూపాయి ఖర్చు లేదు. కబడ్డీలో ఏడుగురు ఆడుతుంటే బెంచీ మీద మరికొందరు ఉండనే ఉంటారు. క్రికెట్‌లో ఇలాంటి బదులు ఆటగాడికి చోటు లేకపోతే, 2019 ఆగస్టు నుంచి అంతర్జాతీయ మ్యాచ్‌లలో నియమమే మార్చారు. ఆ నెలలోనే లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్ బదులు లబుషేన్ దిగాడు. 2020 డిసెంబరులో కాన్‌బెర్రాలో మన జడేజా తలకు బంతి తగిలితే చాహల్ వచ్చి బౌలింగ్ చేశాడు. 1998లో ఢాకాలో షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి దెబ్బ తిన్న మన క్రికెటర్ రమణ్ లాంబాను మనం పోగొట్టుకున్నాం. అతను తన కాళ్ల మీద తానే నడుచుకుంటూ మైదానం దాటాడు. నడవగలుగుతున్నాడు గదా అన్నది ఆధారంగా పెట్టుకోకూడదనడానికి అంతకన్నా ఏం చెప్పను?

అనుమానం వస్తే బయట కూర్చోబెట్టి, ఒంటరిగా వదలకుండా ఎవరినైనా తోడు ఉంచండి. వాంతులు, పెరిగే తలనొప్పి, మాట తడబాటు, మగత, మూర్ఛ, కాళ్లూ చేతులూ పట్టుతప్పడం కనిపిస్తే వెంటనే ఆస్పత్రికి పంపండి. ఇంటివారికి మీరే ఫోను చేయండి, విద్యార్థి చేత చేయించవద్దు. మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. తర్వాత తేలికపాటి నడకతో మొదలుపెట్టి, ఒక్కో మెట్టుకూ కనీసం ఒక రోజు ఇచ్చి, లక్షణం తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి వచ్చి, డాక్టరు సరేనన్నాకే పట్టు పడే సాధనకు పంపాలి. ఇంత చేశాక కూడా పిల్లవాడికి నష్టం జరిగితే, మీరు జాగ్రత్త వహించారని చెప్పడానికి మీకు ఆధారం ఉంటుంది.

మీరు పంపిన నమూనాలో పేరు, తరగతి, గాయం అని మూడు గడులే ఉన్నాయి. గాయం పక్కన దెబ్బ తగిలిన సమయం, చూసినవారు, విద్యార్థి చెప్పిన మాట, బయటికి తీసిన సమయం, మళ్లీ ఆడించారా, ఇంటివారికి చెప్పిన సమయం అనే గడులు చేర్చండి. విద్యార్థి చెప్పిన మాటను సొంత భాషలోనే, తెలుగైతే తెలుగులో, కన్నడమైతే కన్నడంలో రాయండి. పత్రానికి మూడు ప్రతులు ఉండాలి: ఒకటి మీకు, ఒకటి కార్యాలయానికి, ఒకటి ఆస్పత్రికి వెళ్లే పిల్లల చేతికి. అది వారి చేతిలో ఉంటే, ఓపీ చీటీలో జారిపడ్డాడు అని రాసే అవసరం ఎవరికీ రాదు.